టేపు మీద అంకె

కళ్ళజోడు తన నూట ఎనభై గజాలు మింగేశాడని మేస్త్రీ పన్నెండేళ్ళుగా అనని రోజు లేదు. పొద్దున టీ గ్లాసు చేతికి రాగానే ఒకసారి అనేవాడు, గ్లాసు కింద పెడుతూ ఇంకోసారి. కళ్ళజోడు అంటే అప్పట్లో సైటుకు కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు. అతను కాగితం మీద గీసిన బాల్కనీ, కింద పోటుగా నిలబెట్టిన సెంట్రింగ్ కర్రలు తీయగానే కూలింది. ఆ కర్రలు తీస్తున్న మేస్త్రీ తమ్ముడికి మోకాలి కింద నుంచి కాలు పోయింది. ఇల్లు కట్టుకుందామని మేస్త్రీ కొనుక్కున్న స్థలం తమ్ముడి వైద్యానికి పోయింది. ఇంజనీరు ఉద్యోగం కూడా ఊడింది గానీ, ఆ సంగతి మేస్త్రీ నోట ఎప్పుడూ రాలేదు.

"చదువుకున్నవాడు చేస్తే పొరపాటట. ఏడో తరగతిలో బడి మానేసినవాడు చేస్తే నేరమట" అన్నాడు ఆ ఆదివారం పొద్దున కూడా.

"ముందు టీ తాగండి, తర్వాత తిట్టండి. ఆయనెక్కడికీ పోడు, టీ చల్లారిపోతుంది" అంది భార్య వంటింట్లోంచి.

నిజమే, అతనెక్కడికీ పోలేదు. రెండు వీధుల అవతల రంగుల దుకాణంలో డబ్బాలు కలుపుతున్నాడు. అందుకే మేస్త్రీ ఎప్పుడు రంగు కావాలన్నా బస్సెక్కి వేరే దుకాణానికి వెళ్ళేవాడు.

ముందు గదిలో తమ్ముడి కుట్టుమిషన్ టకటకలాడుతోంది. కాలుతో తొక్కే పని లేకుండా దానికి చిన్న మోటారు పెట్టించారు. తినే బల్ల మీద కూతురు పుస్తకాలన్నీ పరుచుకుని కూర్చుంది. సివిల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం. తమ ఇంట్లో ఒకరికి ఆ గీతలు చదవడం వస్తే ఇంకో కళ్ళజోడు తమను ముంచలేడని మేస్త్రీ పట్టుబట్టి చేర్పించిన చదువది. దగ్గరగా చూసిన ఒక కట్టడం ఎందుకు కూలిందో లెక్కలతో సహా రాసి సోమవారం ఇవ్వాలని మాస్టారు చెప్పారట. ఆ మాట వినగానే మేస్త్రీ రేకు పెట్టె దింపి, అందులో దాచిన ప్లాను, ఫొటో తనే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పన్నెండేళ్ళకు తన కేసుకు లాయరు దొరికినంత సంబరపడ్డాడు.

"ఎంతవరకు వచ్చింది ఇంజనీరమ్మా? కళ్ళజోడు తప్పు బయటపడిందా?"

కూతురు పెన్సిలు పక్కన పెట్టింది. లేచి వెళ్ళి గిన్నెలు తోమే స్పాంజి ఒకటి తెచ్చింది. దాని పై ముఖం మీద బ్లేడుతో గాటు పెట్టింది. సగం బల్ల మీద ఉంచి అదిమిపట్టి, గాలిలో ఉన్న కొసను వేలితో కిందికి నొక్కింది. గాటు నోరు తెరిచింది.

"గది స్లాబుకు రెండు పక్కలా గోడలుంటాయి కాబట్టి అడుగు భాగం సాగుతుంది, ఊచలు అడుగున ఉండాలి. బాల్కనీకి ఒక పక్కే ఆధారం. ఇలా పైభాగం సాగుతుంది. దానికి ఊచలు పైన ఉండాలి."

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా? నువ్వు పుట్టకముందే ఎన్ని బాల్కనీలు పోశానో! పైనే కట్టాం. వాడే వంగి చూసి సంతకం పెట్టాడు."

"కట్టింది పైనే నాన్నా. ప్లానులో కూడా అలాగే ఉంది. ఆయన లెక్కంతా మళ్ళీ చేశాను. తప్పు లేదు."

"తప్పు లేకపోతే ఎలా కూలింది? గాలికా?"

ఆమె ఫొటో ముందుకు జరిపింది. కూలిపోగా గోడకు మిగిలిన విరిగిన అంచు, దానికి నిలువుగా ఆనించిన టేపు, ఆ టేపు పట్టుకున్న మేస్త్రీ చెయ్యి. స్లాబు మందంలో తను రవ్వంత కూడా దోచుకోలేదని రుజువు కోసం అతనే తీయించిన ఫొటో. నూట ఇరవై అయిదు మిల్లీమీటర్లు. కనపడిన ప్రతివాడికీ ఆ అంకె చూపించాడు.

"నువ్వు టేపు చివర అంకె చూపిస్తావు నాన్నా, అందరూ అదే చూశారు. ఆ అంచులో ఊచలు బయటపడ్డ చోట ఏ అంకె ఉందో చూడు."

మేస్త్రీ కళ్ళు చికిలించాడు. చూడక్కర్లేదు, తెలుసు. అయినా చూశాడు. తొంభై అయిదు.

"పై నుంచి ఇరవై అయిదు దగ్గర ఉండాల్సినవి తొంభై అయిదు దగ్గరున్నాయి. డెబ్భై దిగాయి. బలం మూడో వంతు కూడా మిగల్లేదు. తన బరువే తను మోయలేదు." ఆమె గొంతు తగ్గించింది. "కాంక్రీటు పోసేటప్పుడు ఊచల మీద నడిచారా నాన్నా?"

"ఏమే! ఇంజనీరింగు చదివించింది నన్ను బోనులో నిలబెట్టడానికా?" బల్ల మీద పిడికిలి పడింది. పెన్సిలు దొర్లి కింద పడింది. "ఇంకేదైనా రాసుకో. లోకంలో కూలిన వంతెనలే దొరకలేదా నీకు?"

"దాని మీద అరుస్తారేంటి? పెట్టె తెచ్చి ఇచ్చింది మీరే కదా" అంటూ భార్య గుమ్మంలోకి వచ్చింది.

అప్పుడు తెలిసింది అందరికీ, ముందు గదిలో కుట్టుమిషన్ ఆగిపోయి చాలా సేపయిందని.

చంకకర్రల చప్పుడు మెల్లగా దగ్గరయింది. తమ్ముడు వచ్చి అన్నకు ఎదురుగా కూర్చున్నాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"అడిగిందానికి చెప్పన్నయ్యా. నడిచామా, లేదా?"

మేస్త్రీ చూపు ఫొటోలో టేపు పట్టుకున్న తన చేతి మీదికి పోయింది. కాంక్రీటు పోసిన రోజు ఆకాశం నల్లగా ముంచుకొచ్చింది. ఇంకో సైటుకు వెళ్ళబోతూ ఇంజనీరు మెట్ల మీద ఆగి, 'పైన చెక్కబల్లలు వేసుకుని నడవండి, ఊచలు తొక్కకండి, దిగిపోతాయి' అన్నాడు. అతని బండి మలుపు తిరగగానే మేస్త్రీ నవ్వాడు. 'మనం తొక్కితే దిగిపోవడానికి అది ఇనుమా, విస్తరాకా!' పనివాళ్ళంతా నవ్వారు. బల్లలు అడ్డమని తీయించింది అతనే. వాన రాకముందే పని అయిపోయింది. అందరూ మెచ్చుకున్నారు కూడా.

"నడిచాం" అన్నాడు. "తొక్కొద్దని చెప్పాడు. నేనే... బల్లలు తీసేయమన్నాను. వాడు అసలేమీ చెప్పలేదని అందరితో అన్నాను. నీ కాలు నేనే తీశాన్రా."

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చినా భార్య కదల్లేదు.

"నాకు తెలుసు" అన్నాడు తమ్ముడు. "నువ్వు ఫొటో తీయించకముందే చూశాను. కింద వెల్లకిలా పడున్నాను కదా. పైన అంత మందం కాంక్రీటు, ఊచలన్నీ అడుగుకొచ్చి వేలాడుతున్నాయి. మీరెవరైనా వస్తారా అని ఎదురుచూస్తూ అదే చూశాను."

"తెలిసి... ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదురా?"

"నువ్వే చెప్తావనుకున్నాను. ఆసుపత్రిలో నా పక్కన కూర్చుని ఆయన్ని తిడుతుంటే, ఇవాళ కాకపోతే రేపు చెప్తాడులే అనుకున్నాను. తర్వాత అలవాటైపోయింది, నీకు తిట్టడం, నాకు వినడం." కొలతల టేపు వేలికి చుట్టుకుంటూ తల వంచుకున్నాడు. "తొక్కినవాళ్ళలో నేనూ ఉన్నాను. నేనూ నవ్వాను. ఆయన ఉద్యోగం పోయినప్పుడు నాకూ నోరు పెగల్లేదు. ఆ దుకాణం ముందు నుంచి వెళ్తే ఆయన ఇప్పటికీ లేచి, కాలెలా ఉందని అడుగుతాడు. ఆయనకు ఏమని చెప్పనన్నయ్యా?"

మేస్త్రీ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సిమెంటుకు బీటలు వారిన ఆ వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. తమ్ముడు ఓదార్చలేదు. కానీ లేచి వెళ్ళనూ లేదు.

కూతురు కాగితాలు పోగు చేసి మూసేయబోయింది. "వేరేది రాస్తాలే నాన్నా. ఇంకా రోజంతా ఉంది."

"వద్దు." చొక్కా భుజంతో ముఖం తుడుచుకున్నాడు. "ఇదే రాయి. ఇంజనీరు చెప్పాడు, మేస్త్రీ వినలేదు అని రాయి. మెత్తగా రాయకు. రెండు కాపీలు తియ్యి. ఒకటి మీ మాస్టారికి. రెండోది నేను పట్టుకెళ్ళి రంగుల దుకాణంలో ఇస్తాను."

"నేనూ వస్తాను" అన్నాడు తమ్ముడు. "బస్సెక్కే పనిలేదు, రెండు వీధులే కదా." ఆ మాటకు మేస్త్రీ తల ఎత్తలేకపోయాడు.

కూతురు కింద పడిన పెన్సిలు తీసుకుని రాయడం మొదలుపెట్టింది. ఆఖరి పేజీకి వచ్చాక ఆగింది. "కూలడం వల్ల జరిగిన నష్టం అని ఒక పట్టిక వేయాలి నాన్నా. మొదటి వరుసలో ఏం రాయను?"

పన్నెండేళ్ళుగా ఆ ప్రశ్నకు అతని దగ్గర ఒకటే జవాబు. ఇప్పుడది నాలుక దాకా వచ్చి ఆగింది.

"బాబాయి కాలు" అన్నాడు.

"తర్వాత?"

"ఆయన ఉద్యోగం. ఆయన పేరు."

"అంతేనా?"

మేస్త్రీ కాగితం అడుగు అంచు మీద వేలు పెట్టాడు. "చోటు మిగిలితే అన్నిటికంటే కింద రాయమ్మా. మేస్త్రీ స్థలం, నూట ఎనభై గజాలు."