ముఖం బిగించిన చెయ్యి

1982 వేసవి మొదట్లో ఒక ఉదయం, నంద్యాలలో స్టేషన్ వైపు పోయే వీధిలోని చిన్న నర్సింగ్ హోంలో, సుబ్బలక్ష్మమ్మ డాక్టర్ సంజీవయ్య ఎదురుగా కూర్చుని తల మీది ముసుగు తీసింది. ముప్పయ్యేళ్లుగా నాటకాల్లో నాయిక వేషం కట్టిన మనిషి. ఆమె ఆడుతోందంటే జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. అలాంటిది ఆ శివరాత్రికి మహానందిలో ఆమె తెర దాటి ముందుకు రాగానే ఎవడో "అవ్వొచ్చె!" అని అరిచాడు. నవ్వులు ఆగలేదు. మర్నాడు నాటకాల కంట్రాక్టర్ రంగయ్య నేల చూస్తూ చెప్పాడు.

"దసరాకు నువ్వు తల్లి వేషం కట్టక్కా. నాయికకు ఇంగొకామెను చూస్తాండా."

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. అందుకే వచ్చింది.

డాక్టర్ ఆమె చెంపను రెండు వేళ్లతో చెవి వైపు జరిపి అద్దం చూపించాడు. "కోతలో రెండు రకాలమ్మా. దవడ దగ్గర జారింది మాత్రమే సరిచేయాలంటే చెవి ముందర చిన్న కోత చాలు. మెడ కూడా బిగించాలంటే కణత దగ్గర మొదలుపెట్టి, చెవి చుట్టూ తిప్పి, వెనక జుట్టు దాకా కోయాలి. చర్మం లేపి, కింది కండను పైకి గుంజి, మిగిలిన చర్మం కత్తిరించి కుడతాం."

"కోయకుండా అయ్యేది లేదా సార్?"

"పైదేశాల్లో ఏదో సూదిమందు వచ్చిందంటున్నారు. మన దాకా రాలేదు. మర్దనాలు, మీగడలు మనసుకు బాగుంటాయి, అంతే. ఇంకోటుంది. ముఖానికి ఘాటు మందు పూస్తే పై పొర పొక్కి ఊడిపోతుంది. కింద కొత్త చర్మం..."

"అదొద్దు!" ఆమె కుర్చీలోంచి సగం లేచింది. "పొక్కేది వద్దు సార్. కోయండి. పెద్దదే కోయండి."

పక్కన నిలబడిన నర్సు లూదియా ఆమె వైపు వింతగా చూసింది. పొక్కి ఊడిన ముఖం ఎలా ఉంటుందో సుబ్బలక్ష్మమ్మ చూసిందని ఆ ఇద్దరికీ తెలియదు.

పదకొండేళ్ల కిందట కృష్ణమ్మ అనే పిల్ల రంగయ్య దగ్గర చేరింది. గొంతెత్తితే చివరి వరసలో వాళ్లు కూడా కూర్చున్న చోటనుంచి కదిలేవాళ్లు కాదు. అహోబిలం తిరునాళ్లలో ఆమె చెలికత్తె వేషం కడితే జనం నాయికను వదిలి ఆమెనే చూశారు. వచ్చే ఆట నుంచి నాయిక నువ్వేనని రంగయ్య ఆ పిల్లకు మాటిచ్చాడు. సుబ్బలక్ష్మమ్మ విన్నది. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజలు నల్లమలలో కావలసినన్ని దొరుకుతాయి. వాటి రసం పిండి కృష్ణమ్మ ముఖానికి పూసుకునే రంగులో కలిపింది. ఆట అయ్యేదాకా ఏమీ కాలేదు. తెల్లారేసరికి ముఖమంతా పొంగి, కళ్లు మూసుకుపోయి, చర్మం పొరలు పొరలుగా లేచింది.

"ఏం రోగమో ఏమో! అంటుకుంటాది. దగ్గరికి పోవద్దండి," అని మొదట అరిచింది సుబ్బలక్ష్మమ్మే.

నాటకాల కంపెనీ ఆ పిల్లను ఆళ్లగడ్డలో ఒక సత్రం అరుగు మీద వదిలేసి పోయింది. నీళ్లు, నీళ్లని అడుగుతూనే ప్రాణం విడిచిందట. భయంతో ఎవరూ దగ్గరికి పోలేదు. ఆ సంగతి తలుచుకుని సుబ్బలక్ష్మమ్మ ఏనాడూ నిద్ర చెడగొట్టుకోలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. "తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి," అని చెప్పాడు డాక్టర్. "నమలకూడదు, నవ్వకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. వాపు, కమిలిన నలుపు మూడు వారాలుంటాయి. చెవుల దగ్గర మొద్దుబారినట్టు ఇంకా చాలా రోజులుండచ్చు. ఒకటి గుర్తుపెట్టుకో, వయసును కొంచెం వెనక్కి నెట్టగలం. ఆపలేం."

నంద్యాలలో ఉంటే నాటకాల వాళ్ల కంట పడుతుందని ఆళ్లగడ్డలో ఒక ఇల్లు బాడుగకు తీసుకుంది. లూదియానే కారులో తీసుకొచ్చి పడుకోబెట్టి పోయింది. వంటకు, పక్క సర్దడానికి ఏసమ్మ అనే ఆమెను కుదిర్చారు. పొద్దున వచ్చి గంజి తాగించి పోయేది, మళ్లీ దీపాల వేళకు వచ్చేది.

చెవులు, గడ్డం, నడినెత్తి కలిపి కట్టిన కట్టు. వాపుతో రెప్పలు అతుక్కుపోయాయి. చీకటి. శబ్దాలు ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వినపడేవి. మధ్యాహ్నం కరెంటు పోగానే ఫ్యాను ఆగిపోయేది, వీధి సద్దుమణిగేది. బండలు పరిచిన ఆ ఇంట్లో వేడి మీద వేడి పేరుకునేది. దూదికి పట్టిన మందు వాసన, చెమట వాసన తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ వాసనల మధ్య ఇంకో వాసన వచ్చింది. కొబ్బరినూనెలో కలిపిన ముఖరంగు వాసన.

ఎవరో మంచం పక్కన కూర్చున్నారు. చల్లని వేళ్లు ఆమె నుదుటి మీద మెల్లగా తిరిగాయి. ఆ ఎండలో ఆ చల్లదనం హాయిగా ఉంది. ఏసమ్మ అనుకుని సుబ్బలక్ష్మమ్మ కదలకుండా పడుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు వేళ్లు కట్టు అంచు కిందికి దూరి, చెవి ముందర కుట్ల మీద ఆగాయి. ఒక్కొక్క కుట్టునూ తడిమి చూశాయి.

సాయంత్రం ఏసమ్మ గంజి తెచ్చినప్పుడు పెదాలు కదిలీ కదలకుండా అంది. "మద్యానం వస్తే వచ్చినావు గానీ... కట్టు ముట్టుకోవద్దు."

"మద్యానం నేనేడొస్తానమ్మా?" అంది ఏసమ్మ. "బయట గొళ్లెం పెట్టి బీగమేసి పోతాండా కదా."

సుబ్బలక్ష్మమ్మ గంజి గిన్నెను పక్కకు తోసింది.

మర్నాడు ఏసమ్మను పోవద్దని బతిమాలింది. ఇంట్లో బిడ్డకు జ్వరమని, వెలుతురుండగానే వస్తానని చెప్పి ఆమె బీగం వేసుకుని పోయింది. బీగం పడిన చప్పుడు విన్నది. ఫ్యాను ఆగింది. వీధి సద్దుమణిగింది.

వాసన వచ్చింది.

"ఎవురు...?"

"వేషానికి టయిమైతాంది అక్కా," అంది ఒక గుసగుస. కట్టు మీంచి కాదు. కట్టు లోపల, చెవికి తగిలేంత దగ్గర. "ముఖం చూపీ."

ఏసమ్మ ఆమెను ఎప్పుడూ అమ్మా అనే పిలిచేది. అక్కా అని అంత ముద్దుగా పిలిచింది ఒక్కతే.

"కృష్ణమ్మా..."

"గుర్తుపట్టినావే!"

అరవడానికి నోరు తెరవబోయింది. గడ్డం కింద కట్టు బిగుసుకుంది. చెవుల దగ్గర కుట్లు సలిపాయి.

"అరుచుకో అక్కా. అరిస్తే కుట్లు తెగుతాయి. ముఖం పాయె, వేషం పాయె."

అరవలేదు. అంత భయంలోనూ ఆమె నోరు మూసుకుంది. ముఖం కోసం.

చల్లగా నవ్విన చప్పుడు. చెంబు అంచు పెదాలకు తగిలింది. గొంతు ఎండిపోయి ఉంది. నాలుక చాపింది. చెంబు వెనక్కి జరిగింది. నీళ్లన్నీ నెమ్మదిగా బండల మీద పడుతున్న చప్పుడు... చివరి చుక్క దాకా.

"సంపుతావా?" అంది సుబ్బలక్ష్మమ్మ ఏడుస్తూ.

"సంపితే నీ ముఖం ఎవురు చూస్తారు? వయసు ఆపలేనన్నె గదా డాక్టరు. నేను ఆపుతా."

కట్టు వదులైంది. చెవి ముందర సన్నగా, చల్లగా, ఏదో గుచ్చుకుంది. లోపలికి పోయింది. బయటికి వచ్చింది. మళ్లీ లోపలికి... నెత్తురు మెడ మీదికి కారుతుంటే, ఎవరో పక్కనే కూర్చుని కూనిరాగం తీస్తూ తీరిగ్గా కుడుతున్నారు.

సాయంత్రం ఏసమ్మ వచ్చేసరికి కట్టు కట్టినట్టే ఉంది. బండలు మాత్రం తడిగా ఉన్నాయి.

కుట్లు విప్పే రోజు నంద్యాలలో డాక్టర్ కట్టు తీసి నోరు తెరిచి చూస్తుండిపోయాడు. వాపు లేదు. నలుపు లేదు. ఇరవై ఏళ్ల ముఖం! అద్దం అందుకున్న సుబ్బలక్ష్మమ్మ ఒక్క క్షణం అన్నీ మరిచిపోయింది. ఎంత చక్కగా ఉంది...

"సార్," అంది లూదియా చిన్నగా. "ఇవి మన కుట్లు కాదు."

డాక్టర్ దీపం దగ్గరికి లాగాడు. దారం లేదు. దాని బదులు పొడుగాటి నల్లని వెంట్రుక. కుట్టు తర్వాత కుట్టు, కణత నుంచి చెవి వెనక దాకా ఒకటే వెంట్రుక. ఒక చోట కత్తిరించి చిమటాతో పట్టి లాగాడు. వచ్చింది. ఇంకా వచ్చింది. జానెడు, మూరెడు... రెండో వైపు చెంప ఉలిక్కిపడినట్టు అదిరింది. ఇంకా లాగాడు.

అవతలి నుంచి ఎవరో వెనక్కి గుంజారు.

చిమటా ఆయన చేతిలోంచి జారి కిందపడింది. వెంట్రుక సర్రున చర్మంలోకి పోయింది. సుబ్బలక్ష్మమ్మ పెదాలు రెండు వైపులా సాగి నవ్వు ముఖమైంది. ఆమె నవ్వలేదు.

దసరాకు రంగయ్య ఆ ముఖం చూసి పొంగిపోయి నాయిక వేషం ఇచ్చాడు. ఆమె రంగం మీదికి రాగానే జనం కళ్లప్పగించి చూశారు. తర్వాత బిడ్డ శవం మీద పడి ఏడ్చే ఘట్టం వచ్చింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ముఖం మాత్రం చెవుల దాకా నవ్వుతోంది. ముందు వరసలో పిల్లలు కెవ్వుమన్నారు. ఆడవాళ్లు బిడ్డల్ని చంకనేసుకుని లేచిపోయారు. చూస్తుండగానే మైదానం ఖాళీ అయింది. ఆమె మళ్లీ రంగం ఎక్కలేదు. ఆళ్లగడ్డలోని ఆ బాడుగ ఇంట్లోనే ఉండిపోయింది.

ముఖం మాత్రం ఆగలేదు. నెలనెలా ఇంకొంచెం బిగిసేది. రెప్పలు మూతపడడం మానేశాయి. పెదాలు కలవడం మానేశాయి. నోట్లో పోసిన నీళ్లు నిలవక రెండు వైపులా కారిపోయేవి. ఎప్పుడూ దాహమే. ఏసమ్మ దూదితో నాలుక తడిపేది. కొన్నాళ్లకు ఆమె కూడా రావడం మానేసింది.

1986లో ఆళ్లగడ్డకు బంధువుల పెళ్లికి వచ్చిన లూదియా, ఒక మధ్యాహ్నం ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తలుపు లోపల గడియ. చాలాసేపు పిలిచాక సుబ్బలక్ష్మమ్మ గోడలు పట్టుకుంటూ వచ్చి తీసి, మళ్లీ మంచం మీద కూర్చుంది. మెడ కింద ముసలి ఒళ్లు. పైన ఆ నవ్వు ముఖం.

"ఒక్కదానివే ఉంటాండావా అమ్మా?" అంది లూదియా.

మూతపడని కళ్లు లూదియాను దాటి, ఆమె భుజం వెనక దేన్నో చూశాయి.

లూదియా వెనక్కి తిరగలేదు. వంగి, ఆమె చెవి పక్కన జుట్టు తొలగించి చూసింది. పాత మచ్చకు పైన కొత్త వరస కుట్లున్నాయి. నెత్తురు ఇంకా తడిగా ఉంది. నల్లటి వెంట్రుక కొస ఒకటి చర్మంలోంచి బయటికి వచ్చి, గాలి లేని ఆ గదిలో తాడులా బిగుసుకుని నిలబడి ఉంది.

ఆఖరి కుట్టుకు ఇంకా ముడి పడలేదు.