సెల్లార్ గదిలో పొగ

లిఫ్టు సెల్లార్ దాకా వెళ్తుంది. కానీ చీకటి పడ్డాక ఆ బటన్ నొక్కే ధైర్యం ఎవరికీ లేదు. ఆ పరిశోధనాలయం అడుగున ఉన్న గదికి అంత చెడ్డపేరు. చనిపోయిన వాచ్‌మన్ రాత్రిళ్లు అక్కడికొచ్చి సిగరెట్ కాలుస్తాడట. మూసిన తలుపు వెనక దగ్గు విన్నానని లిఫ్టు నడిపేవాడు ఒట్టేసి మరీ చెప్పాడు.

ఆ గదిలో పనిచేసే మేడం ఈ మాటలకి నవ్వేసేది... పైకి.

ఆవిడ పని గాలితో. అక్కడి నేలలోంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఊరుతుంది — రంగు లేదు, వాసన లేదు. అది విరిగితే పుట్టే రేణువులు కొన్ని గోడలకి అంటుకుంటాయి. కొన్ని ధూళినో పొగనో పట్టుకుని గాలిలో తేలుతూ, పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేస్తాయి. గోడకెన్ని, గాలికెన్ని? యంత్రం రాత్రంతా లెక్కపెట్టేది అదే. గాలి కదిలితే లెక్క చెడుతుంది. అందుకే, "ఫ్యాన్ పొరపాటున కూడా వెయ్యొద్దు బాబాయ్," అని వాచ్‌మన్ బతికున్న రోజుల్లో ఆయనకి గట్టిగా చెప్పింది.

ఆయన ఏళ్ల తరబడి ఆ గదిలోనే పడుకున్నాడు. ఆవిడకి తెలుసు. చల్లగా ఉంటుందని పడుకుంటున్నాడులే అనుకుంది. వద్దని చెప్పాలనుకుంది... ఈ కొలతలు అయ్యాక చెబుదాంలే అనుకుంది. ఈలోగా ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ బయటపడింది.

"పెట్టెలకి పెట్టెలు ఊదేశాడు, ఇంకేమవుతుంది?" అన్నాడు డాక్టర్. ఆ ఒక్క మాట చాటున దాక్కుని, మేడం నోరు కుట్టేసుకుంది.

ఆయన పోయాక కొన్నాళ్లకి లెక్కలు తిక్కతిక్కగా రాసాగాయి. నడిరాత్రి దాటాక గోడ మీద రేణువులు తగ్గిపోతున్నాయి, గాలిలో పెరిగిపోతున్నాయి. అలా జరగాలంటే గదిలో పొగ ఉండాలి.

అంటే... ఎవరో ఏదో కాలుస్తున్నారు.

ఆ రాత్రి ఆవిడ కిందికి దిగింది. లైటు వెయ్యలేదు. గోడ తడుముకుంటూ, ఒక్కో మెట్టూ... తలుపు కింద సందులో పసుపు వెలుతురు కదులుతోంది. పొగ వాసన. ఆ తర్వాత —

దగ్గు. పొడిదగ్గు. అచ్చం ఆయనదిలాగే.

మేడం తలుపు దగ్గరే ఆగిపోయింది. "బాబాయ్..." అంది, పెదవి దాటీ దాటకుండా. "తప్పయిపోయింది బాబాయ్."

దగ్గు ఆగింది.

"ఎవరది?"

ఆడగొంతు!

మేడం తలుపు నెట్టింది. కొవ్వొత్తి ముందు, పాత దుప్పటి మీద ముడుచుకుని కూర్చుని ఉంది వాచ్‌మన్ భార్య. ఆయన పోయాక అక్కడే ఊడ్చే పనిలో చేరింది. తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి.

"మీరా అమ్మా! హడలిపోయాను," అంది గుండె మీద చెయ్యేసుకుని. "ఇంట్లో నిద్ర పట్టడం లేదు. ఇక్కడైతే ఆయన పక్కనే ఉన్నట్టుంటుంది. లైటు వేస్తే బయటికి కనిపిస్తుందని కొవ్వొత్తి పెట్టుకున్నా. ఫ్యాన్ మాత్రం ముట్టుకోలేదమ్మా, ఒట్టు."

మేడం ఆ దుప్పటి పక్కన కూర్చుంది. "పిన్నీ... బాబాయ్ ఇక్కడ చల్లగా ఉంటుందనే కదా పడుకునేది?"

"చల్లగానా! ఉక్కతో ఉడికిపోయేవారు. రాత్రి పనికొచ్చే కుర్రాళ్లు ఎక్కడ ఫ్యాన్ వేసేస్తారోనని కాపలా పడుకునేవారు. మేడంగారు నన్ను నమ్మి అప్పజెప్పారే, అనేవారు."

మేడం గబగబా వెళ్లి ఫ్యాన్ స్విచ్ వేసింది. తుప్పు పట్టిన రెక్కలు కీచుమంటూ కదిలాయి. కొవ్వొత్తి ఆరిపోయింది.

"అయ్యయ్యో, మీ కొలతలు!"

"పోతే పోనీ పిన్నీ. ముందు బయటికి రా. ఈ గాలి పీల్చకూడదు."

మెట్ల మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, అంతా చెప్పింది. నేలలోంచి ఏం ఊరుతుందో, అది సిగరెట్ పొగతో కలిస్తే ఏమవుతుందో. ఆయన్ని ఏది ఎంత తినేసిందో ఇప్పుడెవరూ తేల్చలేరని కూడా చెప్పింది. తనకి ముందే తెలుసన్న మాటా దాచలేదు.

పిన్ని మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నన్ను ఇవాళ ఒక్కరోజు చూశారు, బయటికి రమ్మన్నారు," అంది చీకట్లోంచి. "ఆయన్ని రోజూ చూసేవారు కదమ్మా..."