నలభై నాలుగోసారి ఫోన్ మోగింది

"ఇది మనుషులు మాట్లాడే మాటేనా అండీ?"

అడిగింది ఆ రోజే పనిలో చేరిన ప్రాంప్టర్. అడిగింది డైరెక్టర్‌ని, కాగితంలో ఒక డైలాగ్ చూపించి. కానీ ఆ సీరియల్ హీరోకి డైలాగులు కంఠతా రావు. కెమెరా వెనక కూర్చుని ప్రాంప్టర్ ఒక్కో ముక్కా చదువుతుంటే, చెవిన పడ్డది పడ్డట్టు అప్పజెప్పడమే ఆయన నటన. అలవాటు కొద్దీ ఆయన హీరోయిన్ రెండు చేతులూ పట్టుకుని, కళ్ళనిండా నీళ్ళు నింపుకుని, "ఇది మనుషులు మాట్లాడే మాటేనా అండీ?" అన్నాడు గద్గదంగా.

సెట్టంతా గొల్లుమంది. నవ్వనివాడు ఒక్కడే, ఆ డైలాగ్ రాసిన రైటర్.

"ఏమ్మా, నీ పని చదవడమా, తప్పులు పట్టడమా?" అన్నాడు ఆమె ముందుకొచ్చి.

"చదవడమేనండీ. 'నా హృదయ కుహరంలో నీ దివ్యరూపం ప్రతిష్ఠితమై యుండగా అన్యుల ప్రసక్తి ఏల' అని రాశారు. ఇందులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పండి, అక్కడ తీసుకుంటాను."

రైటర్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగానే ఊపిరి తీసుకునే చోటు లేదు. ఒళ్ళు మండిపోయింది. పైనున్న తన గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మర్నాటి డైలాగులు మాత్రం సగానికి సగం చిన్నవైపోయాయి.

అది ఆరేళ్ళ కిందటి మాట. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా గొంతు ఆగదు కాబట్టి యూనిట్ ఆమెకి రేడియో అని పేరు పెట్టింది. కథని సాగదీస్తాడు కాబట్టి ఆమె అతనికి జీడిపాకం అని పెట్టింది.

"జీడిపాకం గారూ, ఇవాళైనా హీరో చెప్తాడా?"

"ఏం చెప్పాలి?"

"అదే, ప్రేమిస్తున్నానని."

"చెప్పేస్తే రేపట్నుంచి మనమంతా ఇంట్లో కూర్చోవాలి."

హీరో చెప్పడానికి నోరు తెరుస్తాడు. ఫోన్ మోగుతుంది. ఇంకోసారి తెరుస్తాడు, గ్లాసు పగులుతుంది. పెద్దత్త కళ్ళు తిరిగి పడిపోతుంది. కరెంటు పోతుంది. ఒకసారైతే అతను మొత్తం చెప్పేశాడు, కానీ అప్పటికి హీరోయిన్‌కి మతిపోయింది. ఇలా జరిగినప్పుడల్లా రేడియో తన ఫైలు అట్ట వెనక పెన్సిల్‌తో ఒక గీత గీసేది. ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా డైలాగుల మధ్య చిన్న నిలువు గీతలు పెట్టుకునేది కూడా ఆ పెన్సిల్‌తోనే.

రెండో ఏడాదిలో ఎప్పుడో రైటర్‌కి తెలిసొచ్చింది, హీరో మాటలన్నీ తను ఎవరికి రాస్తున్నాడో. "నువ్వు మాట్లాడని రోజు ఇల్లు ఇల్లులా ఉండదు" అని రాసి, ఆమె ఎలా చదువుతుందో విందామని కిందికి దిగాడు. ప్రాంప్టర్లు భావం పెట్టి చదవకూడదు, బస్సు నంబర్లు చదివినట్టు చదవాలి. ఆమె అలాగే చదివింది. అయినా ఆ మాట తనతోనే అన్నట్టు వినిపించింది రైటర్‌కి. ఇక అప్పట్నుంచి అదే తంతు. ఆమె అలిగి భోజనం మానేస్తే మర్నాడు సీరియల్లో హీరో హీరోయిన్‌ని బతిమాలి తినిపించేవాడు. ఆమె గొడుగు ఊచ విరిగితే హీరో హీరోయిన్‌కి కొత్త గొడుగు కొన్నాడు.

ఆ గొడుగు సీన్ తీసిన సాయంత్రం వాన దంచి కొట్టింది. రేడియో విరిగిన గొడుగు కిందే సగం తడుస్తూ గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"హీరో గారికున్న బుద్ధి ఊళ్ళో ఇంకెవరికీ లేదు!"

అంటూ ఓరగా ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం తెలియనంత అమాయకుడేం కాదు రైటర్. తెలిసే, చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. రేపు చెప్దాంలే అనుకున్నాడు. వాయిదా వేయడమే వృత్తి అయినవాడికి రేపులకేం కొదవ?

*

సీరియల్ పుట్టడానికి ఏడాది పడుతుంది, చావడానికి పది రోజులు చాలు. మీ సీరియల్ వచ్చే టైములో కొత్తది వేస్తున్నాం, వచ్చే వారం ముగించేయండి అని చానెల్ మేడమ్ చల్లగా చెప్పింది.

ఆరేళ్ళు సాగదీసినవాళ్ళకి ముగించడం చేతనవుతుందా? రెండుసార్లు పాలలో విషం కలిపి, ఒకసారి కోడల్ని గోదాములో కట్టేయించిన పెద్దత్త ఒక్క డైలాగుతో మంచిదైపోవాలి. బట్టలు ఆరేయడానికి నాలుగొందలో ఎపిసోడ్‌లో మేడెక్కి, ఇంతవరకు కిందికి దిగని హీరోయిన్ చెల్లెల్ని ఎలాగోలా దింపాలి. ఆఖరికి అందర్నీ వరసగా నిలబెట్టి నవ్వించాలి. చూసేవాళ్ళు మాత్రం, వీళ్ళకి ఇంత తొందరేమొచ్చిందని నోళ్ళు నొక్కుకుంటారు.

"పెద్దత్త చేసిన పాపాలన్నీ 'నన్ను క్షమించమ్మా'తో సరా?" అంది రేడియో. మధ్యాహ్నం బ్రేకులో ఇద్దరూ వెనక మెట్ల మీద టీ తాగుతున్నారు.

"టైం లేదు మరి."

"మధ్యలో బోలెడంత ఉంటుంది. చివర్లో మాత్రం ఎవరికీ ఉండదేం?"

రైటర్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మా అక్క నాకో సంబంధం చూసింది" అంది గ్లాసులోకి చూస్తూ. "కళ్ళద్దాల షాపు. పెద్దగా మాట్లాడడు. నేను నచ్చానా అని అడిగితే నచ్చావన్నాడు. ఫోను మోగలేదు, గ్లాసు పగల్లేదు. అడిగాను, చెప్పాడు."

రైటర్ చేతిలో టీ చల్లారిపోతోంది.

"నువ్వేమన్నావు?"

"శనివారం మన చివరి షాట్ అయ్యాక చెప్తానని అక్కతో అన్నాను." అప్పుడు తలెత్తి సూటిగా చూసింది. "జీడిపాకం గారూ, హీరో ఈసారైనా చెప్తాడా?"

"చెప్తాడు."

"ఏదీ మోగదుగా?"

"మోగదు. ఒట్టు."

రైటర్‌కి మాట నోటిదాకా వచ్చింది. ఆ మెట్ల మీదే చెప్పేస్తే పోయేది. కానీ రాసేవాళ్ళకి ఒక మాయరోగం ఉంది, నోటితో చెప్పిందానికన్నా కాగితం మీద బాగా వస్తుందనుకుంటారు. ఆమె చదివే కాగితం మీదే రాస్తాను, ఆమె గొంతులోనే వింటాను, ఆమెకి అర్థమవుతుంది అనుకున్నాడు. అంతకంటే గొప్ప ముగింపు ఎవరికి కుదురుతుందని లోలోపల మురిసిపోయాడు కూడా, వెర్రివాడు.

మర్నాడు కిటికీ పక్కన కూర్చుని ఒకే ఒక్క పేజీ రాశాడు.

'ఇన్నేళ్ళూ ఏదో ఒకటి అడ్డొచ్చిందని చెప్పుకున్నాను. అడ్డొచ్చింది నా పిరికితనమే. నువ్వంటే నాకిష్టం. నాతో ఉండిపో.'

రాసి, పెన్సిల్ తీసుకుని, ఆమె ఊపిరి ఎక్కడెక్కడ ఆగుతుందో అక్కడల్లా నిలువు గీతలు తనే పెట్టాడు. ఆరేళ్ళు విన్న గొంతు కదా, ఒక్క గీత కూడా తప్పు పోలేదు.

*

శనివారం పొద్దున చానెల్ మేడమ్ ఫోన్ చేసింది.

"ముగింపు చదివాను, బాగుంది. కానీ తలుపు పూర్తిగా మూసేయకండి. రెండో భాగం గురించి పైవాళ్ళతో మాట్లాడుతున్నాను. హీరో చెప్పబోతుండగా ఆపేయండి. రెండో భాగం కూడా మీరే రాయాలి, సరేనా?"

"సరే మేడమ్."

ఆలోచించకముందే అనేశాడు. ఆరేళ్ళుగా అదే అంటున్నాడు, నాలుకకి అలవాటైపోయింది. ఫోన్ పెట్టేశాక పేజీ తీసి ఇంకోసారి చదువుకున్నాడు. అయితే మాత్రం ఏముంది, సాయంత్రం తనే నేరుగా చెప్పేస్తాడు, ఇంకా మంచిది కదా అని సర్దుకున్నాడు. కొత్త పేజీ రాసే టైం కూడా లేదు. ఎర్ర పెన్నుతో ఆ నాలుగు మాటలూ అడ్డంగా కొట్టేసి, కింద 'హీరో నోరు తెరుస్తాడు. ఫోన్ మోగుతుంది' అని రాసి, అసిస్టెంట్ డైరెక్టర్ చేతికిచ్చి కిందికి పంపించాడు. తను దిగలేదు. దిగితే ఆమె మొహం చూడాలి.

ఉండబట్టలేక, చివరి షాట్ మొదలయ్యాక దిగి, లైటు స్టాండు వెనక నిలబడ్డాడు.

కెమెరా తిరుగుతోంది. హీరో హీరోయిన్ చేతులు పట్టుకున్నాడు. రేడియో ఆఖరి పేజీ తిప్పింది. చదవలేదు. ఆమె వేలు ఆ ఎర్ర గీత వెంబడి మెల్లగా నడవడం రైటర్‌కి కనిపిస్తూనే ఉంది. ఎక్కడో ఫోన్ మోగించారు. ఆమె కాగితం మీంచి తలెత్తి, ఎవరినీ చూడకుండా,

"అంతేనా?" అంది.

హీరో వింటూనే అందుకున్నాడు. కళ్ళలో నీళ్ళతో హీరోయిన్‌ని చూస్తూ, "అంతేనా?" అన్నాడు.

"కట్!" అని కుర్చీలోంచి లేచాడు డైరెక్టర్. "ఓకే! అద్భుతం! ఆ ముక్క ఉంచేద్దాం. రైటర్ గారూ, భలే రాశారండీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆరేళ్ళ కిందట నవ్వినవాళ్ళే ఈసారి కళ్ళు తుడుచుకున్నారు. రేడియో ఫైలు మూసి, సంచిలో పెట్టుకుని లేచింది.

రైటర్ అటు అడుగేశాడు. ఈలోగా నిర్మాత వచ్చి వాటేసుకున్నాడు. గ్రూపు ఫోటో అన్నారు. పెద్దత్త వేషం వేసినావిడ భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది, ఆవిడని ఓదార్చాల్సి వచ్చింది. ఫోటోగ్రాఫర్ ఇంకొకటి, ఇంకొక్కటి అన్నాడు. అతను బయటపడేసరికి వాన మొదలైంది.

ఆమె గేటు దగ్గర రేకు కింద నిలబడి ఉంది. చేతిలో ఫోను ఉంది.

"చెప్పేశావా మీ అక్కకి?"

"చెప్పేశానండీ, సరేనని. ఇరవై నిమిషాలైంది." ఆ మాట ఆమె బస్సు నంబరు చదివినట్టే చెప్పింది.

రైటర్ జేబులో ఫోను మోగింది. చానెల్ మేడమ్. పేరు చూశాడు, ఆరేళ్ళలో మొట్టమొదటిసారి ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వంటే నాకిష్టం. చాలా ఏళ్ళుగా. భయమేసి చెప్పలేదు. వెళ్ళకు."

ఆమె కళ్ళు నిండాయి. అరచేత్తో తుడుచుకుని అంది.

"ఈసారి మనుషులు మాట్లాడినట్టే ఉందండీ."

"మీ అక్కకి మళ్ళీ ఫోన్ చెయ్యి. చెప్పు. ఇరవై నిమిషాలేగా!"

"చెయ్యొచ్చు. చెయ్యను."

"కోపమా?"

"మీరు చెప్పలేదని కోపం ఎప్పుడూ రాలేదు. మీకు చేతకాదని తెలుసు. నలభై మూడుసార్లు ఓర్చుకున్నాను." ఆమె సంచి మీద చెయ్యి వేసింది. "కానీ ఇవాళ మీకు చేతనైంది. రాశారు. నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో కూడా మీరే గీతలు పెట్టారు. ఈ లోకంలో నా గొంతు అంత తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. అన్నీ రాసి, ఎవరో ఫోన్ చేయగానే, వాటిమీద ఒక్క గీత అడ్డంగా గీసేశారు. రేపు పెళ్ళయ్యాక ఇంకెవరో ఫోన్ చేస్తారు. అప్పుడేం కొట్టేస్తారో అని రోజూ భయపడుతూ బతకలేనండీ."

ఎన్ని వందల మందికి జవాబులు రాశాడో, తనకి ఒక్కటి తట్టలేదు.

"అతనంటే నీకిష్టమా?" అన్నాడు చివరికి.

"తెలీదు. అడిగినప్పుడు చెప్తాడు. అది చాలనుకుంటున్నాను." ఆమె విరిగిన గొడుగు విప్పింది. "ఆ పేజీ నాతో తీసుకెళ్తున్నాను. ఏమనుకోకండి, నాకు రాసిందేగా."

వానలో వెళ్ళిపోయింది. ఈసారి వెనక్కి తిరగలేదు. తిరుగుతుందేమోనని అతను ఆ రేకు కింద చాలాసేపు నిలబడ్డాడు.

*

తర్వాతి శుక్రవారం సాయంత్రం ఏడింటికి చివరి ఎపిసోడ్ వేశారు. రైటర్ వాళ్ళమ్మ పక్కన కూర్చుని చూశాడు. ఆరేళ్ళలో ఆవిడ ఒక్కరోజు కూడా మానలేదు.

పెద్దత్త మంచిదైపోయింది. మేడ మీది చెల్లెలు ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వకుండా దిగొచ్చి వరసలో నిలబడింది. హీరో నోరు తెరిచాడు. ఫోన్ మోగింది. "అంతేనా?" అన్నాడు. తెర మీద సమాప్తం అని పడింది.

"ఇదేంట్రా? ఇన్నేళ్ళు చూశాను, ఆ అబ్బాయి చెప్పనే లేదు! మిగతాది తర్వాత వేస్తారా?"

"లేదమ్మా. రెండో భాగం తియ్యట్లేదని నిన్న చెప్పారు."

"అయ్యో! పాపం, ఆ పిల్ల ఏమైపోవాలి?" అని ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఏదేమైనా ఆ చివరి మాట బాగా రాశావురా. నన్నే అడిగినట్టు గుచ్చుకుంది."

"అది నేను రాసింది కాదమ్మా" అన్నాడు అతను.

"మరెవరు రాశారు?"

అతను నోరు తెరిచాడు. టీవీలో కొత్త సీరియల్ పాట మొదలైంది, ఆవిడ అటు తిరిగిపోయింది.