ఐదు పేజీల్లో స్వామిదాసు

చనిపోయి పన్నెండు రోజులైన స్వామిదాసు ఆదివారం ఉదయం 10.20కి ఐదుసార్లు వచ్చాడు.

మొయినాబాద్ దగ్గరి ఆ చిన్న చర్చిలో ఏడాదికోసారి సమాధుల తోటలో ఉన్నవాళ్ల పేర్లన్నీ చదువుతారు. కార్యదర్శి జయరాజ్ మొదటి పేజీ చదివాడు. స్వామిదాసు. రెండో పేజీ తిప్పాడు. మళ్లీ స్వామిదాసు. మూడో పేజీలోనూ అదే పేరు. ఐదో పేజీకి బెంచీలు ఖాళీ అయ్యాయి.

ఐదుగురిని వెంట తీసుకుపోతాడని పక్కూరు హిమాయత్‌నగర్‌లో అన్నారు. ఆ మాట షేర్ ఆటో ఎక్కి గండిపేట చేరేసరికి పదిహేనుమందయ్యారు. వాళ్లలో ఇద్దరి పేర్లు కూడా తెలిసిపోయాయి.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి శవపెట్టెను తవ్వి తీసి సమాధుల తోట గోడ అవతల పాతాలని కమిటీ తీర్మానించింది.

ఆ మంగళవారం ఉదయం 10.40కి స్వామిదాసు భార్య కరుణమ్మ, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ బాల్‌రాజ్‌ను చేవెళ్లలో లిదియా నడిపే జిరాక్స్ షాపుకు తీసుకొచ్చింది. జయరాజ్‌ను కూడా పిలిపించారు.

"ఆయనను కదిలియ్యనియ్యకు అన్నా," అంది కరుణమ్మ. "బతికున్నప్పుడే ఇల్లు మారుదామంటె ఒప్పకపోయేది."

బాల్‌రాజ్ కుర్చీ లాక్కున్నాడు.

"లిస్టు ఎవరు చేసిన్రు?"

"నేనే బాపూ, పోయినేడు," అంది లిదియా.

"ఈ పేరు ఎక్కించింది?"

"నేను," అన్నాడు జయరాజ్. "శనివారం సాయంత్రం ఆరింటికి. ఒక్కసారే కొట్టిన."

"స్క్రీన్ మీద ఒక్కసారే ఉన్నది," అంది లిదియా. "ప్రింటిస్తె ఐదు. తీసేసి మళ్ల కొట్టిన. గట్లనే."

"పేరు తీసేసి ప్రింటిస్తె?"

లిదియా గొంతు తగ్గించింది. "ఆయన జాగ ఖాళీగ వస్తది బాపూ. ఐదు పేజీలల్ల."

"ఇప్పుడు పేరుతోనే ప్రింటియ్యి," అన్నాడు బాల్‌రాజ్.

ప్రింటర్ గురగురలాడింది. జయరాజ్ గుమ్మం దాకా జరిగాడు. వెచ్చటి కాగితాలు ఐదింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి బాల్‌రాజ్ ట్యూబ్‌లైట్‌కు అడ్డం పట్టాడు. ఐదుగురు స్వామిదాసులు ఒక్కడైపోయారు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ముప్పై ఏండ్ల సర్వీసుల రోల్ కాల్‌కు గింత కచ్చితంగ నిలబడ్డోన్ని చూడలె," అన్నాడు. "జయరాజూ, ఈయనకు సీరియల్ నంబర్ లేదేంది?"

"ఒకటి నుంచి ముందే నంబర్లున్నయి. కొత్తగ పోయినోళ్లను మన కాడ ముందు పిలుస్తం గద. పైన ఒక వరుస ఖాళీగ కనపడ్డది. అండ్ల కొట్టిన."

లిదియా చేతిలో మౌస్ ఆగింది. పేజ్ లేఅవుట్ తెరిచి ప్రింట్ టైటిల్స్ నొక్కింది. ప్రతి పేజీ పైనా మళ్లీ రావలసిన వరుసలు: ఒకటి నుంచి మూడు.

"చర్చి పేరు ఒకటి. కాలమ్ పేర్లు రెండు. మూడోది జర ఎడం కోసం నేనే ఖాళీగ ఇడిసిన."

"విన్నవా జయరాజూ? మనిషిని సమాధుల వరుసల పెట్టలె నువ్వు. పైన చర్చి బోర్డు మీద పెట్టినవ్. పేజీ పేజీకి బోర్డు వస్తది. బోర్డుతోని ఆయనొస్తడు."

లిదియా మూడో వరుస కింద కొత్త వరుస చేర్చి, పేరును అందులోకి దింపింది. 11.25కి ప్రింట్ వచ్చింది. ఐదు పేజీలు. ఒక్క స్వామిదాసు.

జయరాజ్ కమిటీకి ఫోన్ చేశాడు. "తవ్వొద్దు. గడ్డపారలు ఇండ్లకు తీస్కపోండ్రి."

కరుణమ్మ మాత్రం కొత్త కాగితాల్లో రెండోది తిప్పింది. మూడోది. ఐదోది.

"వీటిల్ల ఇగ లేడా అన్నా?"

"లేడు చెల్లె."

ఆమె పాత కాగితాలు ఐదూ ఏరి, అంచులు సరిచేసుకుంది.

"అవి చర్చికియ్యిండ్రి," అంది. "గివి నేను ఇంటికి తీస్కపోత."