టెక్కలి పిలిస్తే పలకనిది

"ముట్టుకుంటే సెయ్యి ఇరగ్గొడతాను!"

వరుణ్‌తో జ్యోత్స్న మాట్లాడిన మొదటి మాట అది. టెక్కలి ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో, నేతి డబ్బా అంత శాటిలైట్ మీదకి అతను గ్లౌజుల్లేకుండా చెయ్యి చాపాడు మరి.

"ఇరగ్గొట్టు. కట్టు మార్చడానికి రోజూ నువ్వే రావాల," అని నవ్వాడతను.

రెండేళ్ళు ఆ నవ్వు చుట్టూనే తిరిగింది జ్యోత్స్న. అతను మాత్రం ప్రేమిస్తున్నానన్న అసలు మాట అనలేదు.

ఇప్పుడా డబ్బా ఆకాశంలో ఉంది. ఈ మధ్య రాకెట్లు బుల్లి శాటిలైట్లని షేర్ ఆటోలో జనంలా కుక్కి తీసుకెళుతున్నాయి. ఎక్కించడం సులువైపోయింది. పైకెళ్ళాక నోరు విప్పి కిందకి సిగ్నల్ పంపడమే కష్టం. కాలేజీలవైతే మరీను.

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే జ్యోత్స్న తండ్రి ఢిల్లీబాబు తేల్చి చెప్పాడు. "అది పలికిందా, బెంగళూరెళ్ళి సదువుకో, నచ్చినోడిని సేసుకో. పలకలేదా, ఆదివారం కోటబొమ్మాళోళ్ళు నిన్ను సూడ్డానికి వత్తారు."

శనివారం సాయంత్రం. సన్నటి జల్లు. కాలేజీ మేడ మీద ఒకే గొడుగు కింద ఇద్దరూ. శాటిలైట్ టెక్కలి దాటి సముద్రం మీదకి వెళ్ళిపోయింది. రేడియోలో గరగర తప్ప మరేం లేదు.

"మనతో ఎళ్ళినవన్నీ పలికీసినాయి," అంది జ్యోత్స్న. "మన యాంటెన్నా విచ్చుకోలేదు. హీటర్ ఏడెక్కితే దాన్ని మడిచి కట్టిన నైలాన్ దారం కరిగిపోవాల గదా! టెస్టుల్లో ప్రతిసారీ కరిగింది."

వరుణ్ ముఖం పాలిపోయింది.

"నూలు దారమైతే? అదీ కరుగుతాదా?"

"నూలేటి మధ్యలో?"

"ప్యాకింగప్పుడు... యాంటెన్నా మీద నల్లదారం కట్టేను. మా అమ్మ మంత్రించి తెచ్చింది. దిష్టి తగలకూడదని."

నూలు కరగదు. కాలడానికి అక్కడ గాలి లేదు.

"నాతో సెప్పలేదేటి?"

"సెప్తే కట్టనిస్తావా? నీకోసమే కట్టేను. మొదటి రోజు నుంచీ నువ్వంటే పేణం నాకు."

రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట. జ్యోత్స్న గొడుగు కిందనుంచి బయటికొచ్చేసింది.

"సెప్పాల్సినప్పుడు రెండూ దాసేవు. ఇప్పుడు రెండూ ఒకేసారి సెప్తన్నావు."

ఫోన్ మోగింది.

"ఏటమ్మా, పలికిందా?" అన్నాడు ఢిల్లీబాబు.

"పలికిందని సెప్పీ," వరుణ్ ఆమె చెవి దగ్గర గొణిగాడు. "ఆయనకెలా తెలుస్తాది?"

నిజమే, తెలియదు. ఒక్క అబద్ధంతో బెంగళూరూ దక్కుతుంది, ఇతనూ దక్కుతాడు. జ్యోత్స్న అతని ముఖంలోకి చూసింది. ఇంకా ఏమేం దాస్తాడో ఈ మనిషి!

"పలకలేదు నాన్నా," అంది. "ఆళ్ళని రమ్మను."