తోట దారిలో తుమ్ము

"ఎక్కడికండీ?"

గొంతు జామచెట్టు మీంచి వచ్చింది. దుర్గాప్రసాదరాజు గారి కుడికాలు గాల్లోనే ఆగిపోయింది.

పని మీద బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే ఆ పని చెడుతుందంటారు. మరీ ఉండబట్టకపోతే "ఎందాకా?" అనాలి. గోదావరి జిల్లాల్లో బడికెళ్ళని పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. చెట్టు మీదున్న మనిషికి తెలియదంటే నమ్మడం కష్టం.

"అయిపోయిందండి," అన్నాడు మనవడు కార్తీక్, చేతిలోని పళ్ళబుట్ట కింద పెడుతూ. మనసులో మాత్రం ఆ గొంతుకి దణ్ణం పెట్టుకున్నాడు.

"ఏమీ అవలేదు. ఒకటే కదా." తాతగారు పంచె సర్దుకుని కొబ్బరిచెట్టు మొదట్లో చతికిలబడ్డారు. "మంచినీళ్ళు ఇలా ఇవ్వు. కాసేపు కూర్చుని లేస్తే దోషం పోతుంది. రెండుదాకా ఓర్చుకుంటాను. మూడోది వచ్చిందంటే ఈ సంబంధం దేవుడికి ఇష్టం లేనట్టే. వెనక్కి తిరిగేద్దాం."

కార్తీక్ భీమవరంలో రొయ్యలకి ఐస్ సప్లై చేస్తాడు. ఐస్ కరిగినంత తేలిగ్గా అతని సంబంధాలూ కరిగిపోతున్నాయి. ఒకదానికి బయల్దేరుతుంటే కారు పంక్చరైంది. ఒకదానికి కట్టెల బండి ఎదురొచ్చింది. ఇంకోదానికి స్టీరింగ్ పట్టుకున్న డ్రైవరే తుమ్మాడు.

అందుకే ఈసారి పెద్దాయన ప్లాన్ మార్చారు. మార్టేరు నుంచి పెనుగొండకి కారులో వెళ్తే పావుగంట చాలు. కాని రోడ్డు నిండా మనుషులు, పిల్లులు, తుమ్ములు. తోటల్లోంచి నడిచి వెళ్తే అడ్డం వచ్చేవాళ్ళెవరు? ముందు మగవాళ్ళిద్దరూ వెళ్ళి మాట ఇచ్చేస్తారు. తర్వాత ఆడవాళ్ళు కారులో వస్తారు. పెళ్ళికూతుర్ని చూడ్డం అప్పుడే. అంతవరకూ ఫోటో కూడా లేదు. ఇక రాజుగారు ఒకసారి మాట ఇచ్చారంటే వెనక్కి తీసుకోవడమన్నది ఆ వంశంలో లేదు.

అంటే పెనుగొండ చేరేలోపు ఏదో ఒకటి జరిగి తీరాలి. లేకపోతే మొహం కూడా తెలియని అమ్మాయితో జీవితం. అదీ కార్తీక్ కష్టం.

లేచి మళ్ళీ నడిచారు. ఫాల్గుణ మాసం. మామిడిపూత సగం రాలి, మిగతా సగం పిందె కడుతోంది. కొబ్బరి నీడలో కోకో కాయలు కొమ్మలకి కాక మానుకే అతుక్కుని వేలాడుతున్నాయి. దారి పక్కనే బోదె కాలవలో నీళ్ళు, వాటి అవతల అరటి వరసలు. తాతగారు గొడుగు ఊపుకుంటూ హుషారుగా ముందు నడుస్తున్నారు. ఒక్క మనిషి లేడు. కార్తీక్‌కి దిగులు పుట్టింది.

అప్పుడే అరటిచెట్ల వెనకనుంచి ఒక ఎండుచేప గాల్లోకి లేచింది. దారికి అడ్డంగా ఎగిరి అవతల పడింది. దాని వెనకే ఒక పిల్లి.

తాతగారి కళ్ళజోడుకి పిల్లి ఒక్కటే అందింది.

"రెండు," అని మళ్ళీ కూర్చున్నారు. కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం అందుకున్నారు.

కార్తీక్ బోదె దాటి, పిల్లిలా అడుగులేస్తూ అరటితోటలోకి దూరాడు. అక్కడ ఒక అమ్మాయి నిలబడి ఉంది. తలకి తువ్వాలు, వెలిసిపోయిన చుడీదార్, కాళ్ళకి బురద, చున్నీ మడతలో జామకాయలు. చేతిలో ఎండుచేపల కవరు.

"ఆ చేప మీదేనా అండి?"

"పిల్లిదండి. నేను అందించానంతే."

"ఇందాక చెట్టు మీద కూడా మీరేనా?"

"చెట్టు మాదండి. ఎక్కొచ్చు."

"మా తాతగారు శుభమా అని బయల్దేరితే మీరు చెడగొడుతున్నారు. తెలుసా?"

"తెలిసే." తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా లేదు. ప్రైజు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా ఉంది.

కార్తీక్ ఒకసారి వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "చాలా థాంక్సండి. ఇంకొక్కటి కుదురుతుందా?"

ఈసారి కంగారుపడటం ఆ అమ్మాయి వంతైంది.

"మీకు ఈ సంబంధం ఇష్టం లేదా?"

"చూడని అమ్మాయి మీద ఇష్టం ఎక్కణ్ణుంచి వస్తుందండీ? విన్నంతవరకూ మాత్రం భయం వచ్చింది."

"ఏం విన్నారేంటి?"

"రొయ్యల చెరువుల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్‌లో ఉద్యోగమట. రైతు మందు ఎక్కువేశాడంటే గట్టు మీదే నిలబెట్టి కడిగేస్తుందట. ఆవిడ స్కూటీ కనిపిస్తే మా ఐస్ డ్రైవర్లు వ్యాన్ పక్కకి తీసేస్తారండి."

జామకాయ నములుతున్న దవడ ఆగింది. "నిజమేనండి. గయ్యాళిది. నాకు బాగా తెలుసు. అందం కూడా అంతంతే."

"అదీ లేదా?"

"పెళ్ళికొడుకు మాత్రం ఏమంత గొప్ప? తాతగారు కూర్చోమంటే కూర్చుంటాడట, లెమ్మంటే లేస్తాడట. ఆ ఇంట్లో పిల్లి అడ్డం వస్తే ఎవరూ గుమ్మం దాటరట. తెల్లారకుండానే చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని ఫోనొస్తే ఆ పిల్ల ఏం చెయ్యాలి? పిల్లిని పర్మిషన్ అడగాలా?"

కార్తీక్‌కి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆగిపోయింది.

"అది నాకు తట్టలేదండి," అన్నాడు. "నా కష్టమే చూసుకున్నాను. ఆ అమ్మాయికీ ఒక కష్టం ఉంటుందనుకోలేదు."

ఆమె అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. చూసి, తువ్వాలు సర్దుకుంది.

"మీ పేరేంటండీ?"

"సాయిదుర్గ," అంది వెంటనే. మరీ వెంటనే.

"సరే సాయిదుర్గ గారూ, మూడోది ఏం చేద్దాం?"

"తుమ్ము. మీరే తుమ్మాలి. పెళ్ళికొడుకే తుమ్మితే ఇక తిరుగుండదు." చున్నీ చెంగుకి కట్టుకున్న పొట్లం విప్పి, ఒక జామకాయ చీల్చి కారం అద్ది ఇచ్చింది. "పీల్చండి."

తాతగారి గొడుగు చప్పుడు వినిపించింది. కార్తీక్ పరుగున వచ్చి బుట్ట ఎత్తుకున్నాడు. పెద్దాయన ముందు, అతను బాగా వెనక. బోదెకి అవతల, అరటిచెట్ల సందుల్లోంచి, సరిగ్గా అతనికి సమానంగా తువ్వాలు కట్టిన తల కదులుతోంది.

కార్తీక్ జామకాయ ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ముక్కు మండింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుమ్ము రాలేదు.

"అప్పుడే ఏడుస్తున్నారేంటండీ? ఇంకా పెళ్ళవలేదు కదా," అంది అవతలి గట్టు.

"రావట్లేదండి."

"ఒక్క తుమ్ము తుమ్మలేరా? ఐస్ వ్యాపారం చేసి జలుబు కూడా సంపాదించుకోలేదా?"

"నవ్వించకండి. తాతగారు వింటారు."

"పోనీ ఆ కాయ తినెయ్యండి. దాని జన్మకి సార్థకత."

తిన్నాడు. బాగుంది. తోట తర్వాత తోట వస్తోంది. సపోటాలు, నిమ్మలు, పంపరపనసలు. పెనుగొండ దగ్గర పడుతోందని భయపడాల్సిన మనిషి, దారి ఇంకాస్త ఉంటే బాగుణ్ణని అనుకోవడం మొదలుపెట్టాడు. అలా అనుకుంటున్నానని తెలిసేసరికి మాట నోరు దాటిపోయింది.

"ఈ సంబంధం తప్పిపోతే రేపు మళ్ళీ ఇటు రావచ్చా అండి?"

"దేనికి?"

"జామకాయలకి."

"మార్టేరు బజార్లో దొరకవా?"

"కారం అద్ది ఇచ్చి తిట్టేవాళ్ళు దొరకరండి."

తువ్వాలు కట్టిన తల ఒక అరటాకు వెనక ఆగిపోయింది. ఏదో అనబోయింది. అంతలో ఫోన్ మోగింది. చేతులకి కారం ఉండటంతో ఆమె మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"నాగశ్రీ మేడమ్ గారేనా అండి? ఆయ్, మన రెండో చెరువులో రొయ్య ఊపిరాడక గట్టుకొచ్చేస్తోందండి."

"ఏరేటర్లన్నీ వెయ్యండి. ఈ పూట మేత ఆపెయ్యండి. నేను చెప్పేదాకా ఏ మందూ వెయ్యొద్దు. వేశారో, ఊరుకోను. అరగంటలో మళ్ళీ ఫోన్ చెయ్యండి."

ఫోన్ పెట్టేసి తలెత్తింది. బోదెకి ఇవతల కార్తీక్ బుట్ట పట్టుకుని బొమ్మలా నిలబడి ఉన్నాడు.

"నాగశ్రీ అంటే..."

"గయ్యాళిది," అంది. "అందం అంతంతే."

కార్తీక్ ఎదురుగా చూశాడు. ఆ మామిడితోట ఒక్కటి దాటితే పెనుగొండ. అక్కడ తాతగారు మాట ఇస్తారు. ఆ మాట ఈ అమ్మాయికే. అతని కాళ్ళకి ఎక్కడలేని తొందర వచ్చింది. తాతగారూ కాస్త గబగబా నడుద్దామండీ అని చెప్పడానికి నోరు తెరిచాడు.

ఇంతసేపూ ముక్కులో దాక్కుని ఉన్న కారం సరిగ్గా అప్పుడే బయటికి రావాలనుకుంది.

ఆ తుమ్ముకి మామిడిచెట్టు మీద పిట్టలన్నీ లేచిపోయాయి.

తాతగారు ఆగారు. "ఉండు. ఇంకోటి వస్తుందేమో చూడు. జంట తుమ్ములు మంచివే."

కార్తీక్ ముక్కు నలిపాడు. సూర్యుణ్ణి చూశాడు. మామిడిపూత దూసి మొహానికి రాసుకున్నాడు. ఏమీ రాలేదు.

"మూడు," అన్నారు తాతగారు. గొడుగు తిప్పారు. మార్టేరు వైపు.

అవతల నాగశ్రీ నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. పొద్దుటినుంచి ఆమె కోరుకున్నదే జరిగింది. బుట్ట మోసుకుంటూ వెనక్కి తిరిగిన అతని మొహం చూశాక మాత్రం నవ్వు సగంలో ఆగింది.

"తాతగారూ, అది తుమ్ము కాదండి. కారం."

"కారం ఎక్కడిది?"

"జామకాయదండి."

"జామకాయ ఎక్కడిది?"

కార్తీక్ అరటిచెట్ల వైపు చూశాడు. నిజం చెబితే ఆ అమ్మాయి దొరికిపోతుంది. మాట ఇవ్వడానికి వచ్చే పెద్దాయన మీదికి పిల్లిని తోలిన పిల్లని ఏ తాతగారు ఇంటి కోడలిగా తెచ్చుకుంటారు? చెప్పకపోతేనేమో సంబంధం పోతుంది.

"నాకు ఈ సంబంధం కావాలండి," అన్నాడు చివరికి.

"పొద్దున్న బయల్దేరేటప్పుడు మొహం ఇంత చేసుకున్నావు. ఇప్పుడేమొచ్చింది?"

"తోటలు బాగున్నాయండి."

రాజుగారు మనవణ్ణి అనుమానంగా చూశారు. నడుస్తూనే జేబులోంచి ఫోన్ తీశారు. "పాపం శ్రీనివాసరాజు గారు వంటలు చేయించి కూర్చుని ఉంటారు. రావడం లేదని చెప్పెయ్యడం మర్యాద." ఒక్కో నంబరే వేలితో పొడుస్తున్నారు. ఆ మాట పెదవి దాటితే ఇక అంతే.

ఫోన్ అవతల రింగైంది.

ముందు దారిలో అరటాకులు కదిలాయి. బోదె మీద వేసిన కొబ్బరిదుంగ దాటి, తోటకి అడ్డం పడి పరిగెత్తి, నాగశ్రీ వాళ్ళకి ఎదురుగా దారి మధ్యలోకి వచ్చి నిలబడింది. తువ్వాలు ఎక్కడో పోయింది, చున్నీ ఒడిలో జామకాయలు మాత్రం అలాగే ఉన్నాయి. జుట్టు నిండా మామిడిపూత. రొప్పుతోంది.

"నేను శ్రీనివాసరాజు గారి అమ్మాయినండి. నాగశ్రీ," అంది. "ఎక్కడికని అడిగింది నేనే. పిల్లికి ఎండుచేప విసిరింది నేనే. కారం కూడా నేనే ఇచ్చాను. తుమ్ము ఒక్కటే మీ మనవడు గారి సొంతం."

పెద్దాయన ఆమెని జుట్టు నుంచి బురదకాళ్ళ దాకా చూశారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఇద్దరికీ కాస్త ధైర్యంగా ఉండేది.

"ఎందుకు చేశావమ్మా?"

"తెల్లారకుండా నాకు ఫోన్లొస్తాయండి. వెంటనే వెళ్ళాలి. ఎవరు తుమ్మినా ఆగలేను. ఆగితే ఒక రైతు చెరువులో రొయ్యంతా చచ్చి పైకి తేలిపోతుంది. మీ ఇంట్లో అలా కుదరదన్నారు. అందుకే మిమ్మల్ని రానివ్వకూడదనుకున్నాను."

"మరి ఇప్పుడు పోతుంటే ఎందుకు అడ్డం వచ్చావు?"

గట్టు మీద రైతుల్ని కడిగేసే మనిషి చున్నీలో జామకాయలు సర్దుకుంది. కార్తీక్ వైపు చూసింది. నేల వైపు చూసింది.

"మీ మనవడు గారు జామకాయలకి రేపు వస్తానన్నారండి," అంది నెమ్మదిగా. "నాకు రేపటిదాకా ఆగాలనిపించలేదు."

తాతగారు మనవడి వైపు తిరిగారు. "బాగున్నాయన్న తోటలు ఇవేనా?"

"అవునండి," అన్నాడు కార్తీక్, నేల చూస్తూ.

ఫోన్‌లోంచి గొంతు వినిపించింది. "హలో. రాజుగారూ, ఎందాకా వచ్చారండీ?"

దుర్గాప్రసాదరాజు గారు ఫోన్ చెవికి ఆనించుకున్నారు.

"శ్రీనివాసరాజు గారూ, మేం రావడం లేదండి."

కార్తీక్ చేతిలోంచి బుట్ట జారింది. నాగశ్రీ కళ్ళు మూసుకుంది.

"మీరే రావాలి," అన్నారు పెద్దాయన. "మేం ఇంటికి వెళ్తుంటే ఒడినిండా పళ్ళతో కన్నెపిల్ల ఎదురొచ్చిందండి. మీ అమ్మాయే. ఇంతకన్నా మంచి శకునం నా జన్మలో చూడలేదు. ఎటు వెళ్తుంటే ఎదురొచ్చిందో అటే వెళ్ళాలి. ఇప్పుడు పెనుగొండ వైపు తిరిగితే బాగోదు. మీరంతా కారెక్కి మా ఇంటికొచ్చెయ్యండి... ఏంటండీ? గదిలో పట్టుచీర కట్టుకుంటోందా? లేదండి, ఇక్కడ బురద కట్టుకుంది... మాటా? ఇచ్చేశాననుకోండి."

ఫోన్ జేబులో వేసుకున్నారు. కార్తీక్‌కి ఇంకా నమ్మకం కుదరలేదు.

"మరి ఆ మూడు అపశకునాల సంగతో, తాతగారూ?"

"మనుషులు తోలిన పిల్లి శకునమెలా అవుతుందిరా? అల్లరవుతుంది." దొర్లిపోయిన బత్తాయిలు ఏరుతున్న ఇద్దర్నీ చూసి ఆయన గొడుగు విప్పారు. "ముగ్గురం కలిసి నడవకూడదు. నేను ముందు పోతాను. మీరు కాస్త వెనకగా రండి. మరీ వెనకగా కాదు."

కొంత దూరం వెళ్ళాక, వెనక్కి చూడకుండానే అన్నారు.

"అమ్మాయ్, మా ఇంటికి పెరటి గుమ్మం ఒకటుంది. పొద్దున్నే నేను వీధరుగు మీద కూర్చుంటాను. పెరట్లోంచి ఎవరెటు వెళ్ళారో నాకు తెలియదు. తెలియనిదానికి శకునం చూడను."

నాగశ్రీ ఆయన వీపుకే ఒక దణ్ణం పెట్టింది. చేతిలో ఫోన్ మోగింది. రొయ్య లోపలికి దిగిందట. అటు పని అయిపోయింది. ఇటు చూస్తే కార్తీక్ ఏదో తీవ్రంగా ఆలోచిస్తున్నాడు.

"ఏంటండీ అంత ఆలోచన?"

"ఆ పెరటి తలుపు కిర్రుమంటుందండి. తెల్లవారుజామున అయితే వీధి అరుగు దాకా వినిపిస్తుంది."

"అయితే?"

"ఇవాళే నూనె వేసేస్తాను."

ఆమె అతన్ని చూస్తూ నాలుగడుగులు వేసింది. ఆ చూపుకి అతను బుట్ట చెయ్యి మార్చుకున్నాడు, ఆమె వైపు చెయ్యి ఖాళీగా ఉండేలా.