పెదాల మీద వెలుగు

హాజరు పిలుస్తున్న టీచర్ తన నంబరు చెప్పగానే ఆ అమ్మాయి లేచి నోరు తెరిచింది. గాలి మాత్రమే బయటికి వచ్చింది.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. "మైకు కాలిపోయింది మేడమ్!"

టీచర్ నవ్వలేదు. "ఎన్నాళ్ల నుంచి గొంతు ఇలా ఉంది?"

అమ్మాయి మూడు వేళ్లు చూపించింది. "వారాలు" అంది బొంగురుగా.

"జలుబు చేసిందా?"

తల అడ్డంగా ఊపింది.

"ఇన్నాళ్లయినా తగ్గలేదంటే డాక్టరు చూడాల్సిందే. మీ అమ్మకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

మైకు అన్న పేరు ఇంట్లో పుట్టింది. దాన్ని బడికి మోసుకొచ్చింది తమ్ముడు. నాన్నమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. చెవి మిషను గుయ్యిమంటోందని బీరువాలో పెట్టేసింది. అందుకే ఎవరికి ఏం చెప్పాలనిపించినా, "ఒసేయ్ మైకూ, నాన్నమ్మకి చెప్పవే" అనేవారు. అమ్మాయి కూర్చున్న చోటి నుంచే అరిచి చెప్పేది.

ఆ సాయంత్రం గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నని గొట్టం పంపి చూసింది. తెర మీద రెండు తెల్లని స్వరతంతువులు కదిలాయి. వాటి అంచుల్లో చెరొక చిన్న బొడిపె.

"బరువులు మోసేవాళ్ల చేతులకి కాయలు కాస్తాయి చూశావా? ఇవీ అలాంటివే. అరిచి అరిచి కాశాయి. భయం లేదు, తగ్గిపోతాయి. నీళ్లు బాగా తాగు. అరవకు. గుసగుసలు కూడా వద్దు. ఎదురుగా ఉన్నవాళ్లకి వినిపించేలా మామూలుగా మాట్లాడితే చాలు. వారానికోసారి వచ్చి స్పీచ్ థెరపిస్ట్ చెప్పినట్టు సాధన చెయ్యాలి."

అమ్మాయి "అరవకు" అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

మర్నాటి నుంచి నాన్నమ్మ గది ముందు తల వంచుకుని నడిచింది. "ఎవరే వచ్చింది?" అని పిలిస్తే వినపడనట్టు వెళ్లిపోయింది. గొంతు సంగతి నాన్నమ్మకి ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో చెప్పే పని తనదే కదా.

నిజానికి అమ్మాయికి హాయిగానే ఉంది. ఎవరూ పని చెప్పడం లేదు. ఆ హాయిని డాక్టరు మాట వెనక దాచుకుంది.

ఐదో రోజుకి నాన్నమ్మ అడగడం మానేసింది. హాల్లో టీవీ చూస్తూ అందరూ నవ్వారు. నాన్నమ్మ ఒక్కొక్కరి ముఖమూ చూసి, అందరూ ఆపేశాక నవ్వింది.



నాన్నమ్మ గదిలోకి వెళ్లాక అమ్మాయి వెనకే వెళ్లింది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది.

"కోపం తగ్గిందా?" అంది నాన్నమ్మ.

"కోపం కాదు. గొంతు... పాడైంది. అరవకూడదన్నారు." ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

నాన్నమ్మ ఆ పెదాలనే చూస్తోంది. చెయ్యి చాచి మనవరాలి మెడ తాకింది. "నా వల్లేనా?"

కాదని చెప్పడం సులువే. "అక్కడి నుంచే అరిచేదాన్ని. నీ దగ్గరికి రావడానికి బద్ధకం నాన్నమ్మా. మొన్నటి నుంచి కావాలనే తప్పించుకున్నాను."



"నువ్వు అరిస్తే నాకు మాటలు తెలిసేవి కాదే. విసుక్కుంటున్నావని మాత్రం తెలిసేది. ఇలా ఎదురుగా ఉంటే సగం అర్థమైపోతుంది."

"మిగతా సగం?"

"ఇంకోసారి అడుగుతాను. చెప్పవూ?"

అమ్మాయి ఐదు రోజుల సంగతులూ చెప్పడం మొదలుపెట్టింది. తెర మీద చూసిన తంతువుల దగ్గరికి వచ్చేసరికి కిటికీలో వెలుగు తగ్గింది. నాన్నమ్మ కళ్లు చిట్లించి ముందుకు వంగింది.

అమ్మాయి మాట ఆపి, లేచి లైటు వేసింది. వెలుగు తన ముఖం మీద పడేలా స్టూలు జరుపుకుని, ఆ మాట మళ్లీ మొదటి నుంచి చెప్పింది.